గాల్లో ఉండగానే డ్రోన్ మోటార్ ఆగిందా? నాలుగింట్లో పాడైంది ఏదో లాగ్ ఫైల్ చెప్పేస్తుంది.. ఎలా చూడాలంటే!

సికింద్రాబాద్ లాలాగూడకు మోటార్లు కొత్తేం కాదు. నిజాం రైల్వే కాలంలో 1893లో మొదలైన క్యారేజ్ వర్క్‌షాప్ ఇక్కడే ఉంది. దక్షిణ మధ్య రైల్వే ఎలక్ట్రిక్ లోకో షెడ్ కూడా ఇక్కడే ఉంది. ఈ షెడ్‌కు చెందిన డబ్ల్యూఏపీ-7 ఇంజిన్‌కు 6 ట్రాక్షన్ మోటార్లు ఉంటాయి. దారిలో ఒక మోటార్ మొరాయించినా, లోపం ఉన్న భాగాన్ని పక్కనపెట్టి మిగతా వాటితో బండిని నెమ్మదిగా లాక్కెళ్లే ఏర్పాటు అందులో ఉంది.

ఇప్పుడు అదే లాలాగూడలో పెళ్లిళ్లు, ఫంక్షన్లు షూట్ చేసే ఓ కుర్రాడి డ్రోన్‌ను ఊహించుకోండి. ఉన్నవి 4 మోటార్లే. అందులో ఒకటి ఆగితే మిగతా మూడింటితో నెట్టుకురావడం కుదరదు. 20 మీటర్ల ఎత్తు నుంచి నేలను తాకడానికి పట్టేది సుమారు 2 సెకన్లు. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే అప్పటికి దాని వేగం గంటకు 70 కిలోమీటర్లు. కింద బరాత్‌లో జనం డాన్స్ చేస్తుంటే పరిస్థితి ఏంటి?

అసలు ప్రమాదం మాత్రం డ్రోన్ పడ్డాక మొదలవుతుంది. విరిగిన చెయ్యి దగ్గరున్న మోటారే పోయిందనుకుని కొత్తది వేయిస్తారు. మర్నాడే ఇంకో ఫంక్షన్‌కు తీసుకెళ్తారు. కానీ నేలను తాకి విరిగిన భాగం, గాల్లో పాడైన భాగం ఒకటే అని గ్యారంటీ లేదు. అసలు లోపం అలాగే ఉండిపోతే ఆ డ్రోన్ మళ్లీ పడుతుంది. ఈసారి ఎవరి మీద పడుతుందో చెప్పలేం.

డ్రోన్లు ఇప్పుడు వీడియోలకే పరిమితం కాలేదు. 2021 సెప్టెంబర్ 11న వికారాబాద్‌లో మందులు, వ్యాక్సిన్లను డ్రోన్లతో పంపే ప్రాజెక్టు మొదలైంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదలు వచ్చినప్పుడు విజయవాడలో ఇళ్లలో చిక్కుకున్న వాళ్లకు డ్రోన్లతోనే ఆహారం అందించారు. పొలాల్లో మందు కొట్టే డ్రోన్లు సరేసరి. అందుకే పడిన డ్రోన్ ఎందుకు పడిందో తెలుసుకోవడం సరదా కోసం చేసే పని కాదు. మరి ఎలా తెలుసుకోవాలి? స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ఒక్క మోటార్ ఆగితే ఎందుకు పడిపోతుంది?

నాలుగు మోటార్ల డ్రోన్‌లో రెండు రెక్కలు గడియారం ముల్లు దిశలో, రెండు దానికి వ్యతిరేకంగా తిరుగుతాయి. ఒకే దిశలో తిరిగేవి మూలకు ఎదురుగా మూలలో ఉంటాయి. రెక్క ఒకవైపు తిరిగితే డ్రోన్ బాడీ రెండో వైపు తిరగాలని చూస్తుంది. రెండు జతలు సమానంగా ఉండటం వల్ల ఆ బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. డ్రోన్ బొంగరంలా తిరగకుండా నిలబడుతుంది.

ముందు కుడి మోటార్ ఆగిందనుకుందాం. ఆ మూల కిందికి వాలుతుంది. డ్రోన్ కుడివైపు, ముందుకు ఒరుగుతుంది. దాన్ని సరిచేయడానికి ఫ్లైట్ కంట్రోలర్ ఎదురు మూలలో ఉన్న వెనక ఎడమ మోటార్‌ను తగ్గిస్తుంది. దాంతో ఒక జత మొత్తం పోయినట్టే. మిగిలిన రెండు రెక్కలు ఒకే దిశలో తిరిగేవి కాబట్టి డ్రోన్ గిరగిరా తిరుగుతూ పడిపోతుంది.

ఇక్కడో చిన్న క్లూ ఉంది. పడే డ్రోన్ ఏ దిశలో గిరగిరా తిరిగిందో, ఆగిపోయిన రెక్క మామూలుగా తిరిగే దిశ కూడా అదే. కింద నుంచి ఎవరైనా ఫోన్‌లో వీడియో తీసి ఉంటే జాగ్రత్తగా దాచండి. ఒక్క క్లిప్‌తో అనుమానం నాలుగు మోటార్ల నుంచి రెండింటికి తగ్గుతుంది. కాకపోతే కింద నుంచి చూస్తే దిశ తారుమారుగా కనిపిస్తుంది. ఆ సంగతి మర్చిపోవద్దు.

ఒక మోటార్ పోయినా తిరుగుతూనే మెల్లగా దిగే పద్ధతిని స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు పదేళ్ల కిందటే చేసి చూపించారు. కానీ మామూలుగా అమ్మే డ్రోన్లలో చాలావాటికి ఆ తెలివి లేదు. 6 లేదా 8 మోటార్ల డ్రోన్లకు కాస్త అవకాశం ఉంటుంది. అది కూడా మోస్తున్న బరువును బట్టే.

ఎక్కువ అరిచిన గీతే దొంగ!

పడిన డ్రోన్ దొరకగానే చాలామంది చేసే తప్పు.. వెంటనే బ్యాటరీ పెట్టి మోటార్లు తిప్పి చూడటం. అలా చేయొద్దు. వైర్ ఎక్కడైనా షార్ట్ అయి ఉంటే బాగున్న భాగాలు కూడా కాలిపోతాయి. ముందు బ్యాటరీ తీసేయాలి. నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయాలి. ఆ తర్వాత మెమరీ కార్డులోని లాగ్ ఫైల్‌ను కాపీ చేసుకోవాలి.

లాగ్ అంటే ఏంటి? విమానంలో బ్లాక్ బాక్స్ లాంటిది. కంట్రోలర్ ఏం ఆదేశించింది, డ్రోన్ ఏం చేసింది, వోల్టేజ్ ఎంత ఉంది.. ఇవన్నీ సెకనుకు ఎన్నోసార్లు అందులో రాసి ఉంటాయి. సొంతంగా బిగించుకున్న డ్రోన్లలో, చాలా వ్యవసాయ డ్రోన్లలో ఆర్డుపైలట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాని లాగ్‌ను మిషన్ ప్లానర్ అనే ప్రోగ్రామ్‌లో ఎవరైనా తెరిచి చూడొచ్చు. డీజేఐ డ్రోన్లకు యాప్‌లో ఫ్లైట్ రికార్డ్, ఎర్రర్ మెసేజ్‌లు కనిపిస్తాయి. కొత్త మోడళ్లలో లోపలి లాగ్‌ను మాత్రం కంపెనీయే తెరవాలి. అలాంటప్పుడు సర్వీస్ సెంటర్‌కు డ్రోన్‌తో పాటు ఆ రికార్డును కూడా ఇవ్వాలి.

ఆర్డుపైలట్ లాగ్‌లో ముందుగా రెండు గీతలు చూడాలి. ఒకటి, కంట్రోలర్ కోరుకున్న వంపు. రెండోది, డ్రోన్ నిజంగా ఉన్న వంపు. బాగున్నంతసేపు ఈ రెండూ ఒకదానిమీద ఒకటి పడుకున్నట్టే సాగుతాయి. ఒక్కసారిగా విడిపోయాయంటే డ్రోన్ మాట వినడం మానేసింది. అంటే ఏదో మెకానికల్‌గా లేదా కరెంట్ పరంగా తెగిపోయింది. రెండు గీతలు కలిసే కిందికి వెళ్లాయంటే డ్రోన్ చెప్పినట్టే విన్నది. అప్పుడు వెతకాల్సింది పైలట్ పొరపాటునో, జీపీఎస్, దిక్సూచి లోపాన్నో.

గీతలు విడిపోయిన ఆ క్షణం దగ్గర నాలుగు మోటార్లకు వెళ్లిన ఆదేశాలు తెరవండి. ఇవి సాధారణంగా 1000 నుంచి 2000 మధ్య అంకెల్లో ఉంటాయి. ఉదాహరణకు నాలుగూ 1500 దగ్గర సాఫీగా నడుస్తున్నాయి. హఠాత్తుగా ఒకటో మోటార్ గీత 1950కి ఎగిరింది. దానికి ఎదురు మూలలోని రెండో మోటార్ గీత 1100కి పడిపోయింది. వీటిలో పాడైంది ఏది?

చూడగానే చాలామంది కింద పడిన గీతనే చూపిస్తారు. అది పొరపాటు. ఆ గీతలు మోటార్ ఎంత తిరిగిందో చూపించవు. కంట్రోలర్ ఎంత తిరగమని అడిగిందో చూపిస్తాయి. తిరగని మోటార్‌నే 'తిరుగు, ఇంకా తిరుగు' అని కంట్రోలర్ బతిమాలుతుంది. అందుకే ఆకాశానికి ఎగిరిన గీత ఏ మోటార్‌దో, అనుమానం ముందు ఆ మోటార్ మీదే. కింద పడింది దాని ఎదురు మూల మోటార్. అది బాగానే ఉంది, బ్యాలెన్స్ కోసం తగ్గింది అంతే. తప్పు మోటార్ మార్చేయడానికి ఎక్కువగా కారణమయ్యే గందరగోళం ఇదే.

ఆర్డుపైలట్‌లో నాలుగు మోటార్ల ఎక్స్ ఆకారపు డ్రోన్‌కు నంబర్లు ఇలా ఉంటాయి. ఒకటి ముందు కుడి, రెండు వెనక ఎడమ, మూడు ముందు ఎడమ, నాలుగు వెనక కుడి. వరసగా చుట్టూ తిరిగి వెళ్లవు కాబట్టి జాగ్రత్త. కొన్నిసార్లు 'పొటెన్షియల్ థ్రస్ట్ లాస్' అని మోటార్ నంబర్‌తో సహా మెసేజ్ కూడా లాగ్‌లో పడుతుంది. అది అనుమానం మాత్రమే, తీర్పు కాదు.

మోటారా? రెక్కా? ఈఎస్‌సీనా?

లాగ్ చూపించింది పాడైన మూలను మాత్రమే. ఆ మూలలో మూడు భాగాలుంటాయి. రెక్క, దాన్ని తిప్పే మోటార్, మోటార్‌కు కరెంట్‌ను లెక్కగా పంపే స్పీడ్ కంట్రోలర్ అంటే ఈఎస్‌సీ. ఈఎస్‌సీ నుంచి తిరుగుడు వేగం, కరెంట్ వివరాలు లాగ్‌లో వస్తుంటే పని సగం తేలికైనట్టే.

* మోటార్ విపరీతమైన వేగంతో తిరిగింది, కరెంట్ మాత్రం తగ్గింది: రెక్క ఊడింది లేదా విరిగింది. మోయడానికి గాలి లేని మోటార్ ఖాళీగా పరుగెత్తింది.

* వేగం సున్నా, కరెంట్ కూడా సున్నా: వైర్ తెగింది, టంకం ఊడింది లేదా ఈఎస్‌సీ ఆగిపోయింది.

* వేగం సున్నా, కరెంట్ మాత్రం ఎగిరింది: మోటార్ బిగుసుకుంది లేదా లోపల తీగచుట్ట షార్ట్ అయింది.

* వేగం పైకీ కిందికీ గందరగోళంగా ఊగింది: మోటార్ ఏ స్థితిలో ఉందో ఈఎస్‌సీకి లెక్క తప్పింది. ఒక్కసారిగా థ్రాటిల్ పెంచినప్పుడు ఇలా జరిగే అవకాశం ఎక్కువ.

మోటార్ జోలికే పోనక్కర్లేని కేసులు కూడా ఉంటాయి. నాలుగు గీతలూ కలిసి పైకెళ్లి, అదే సమయంలో వోల్టేజ్ కిందికి జారిందంటే తప్పు బ్యాటరీది. లాగ్ గాల్లోనే టక్కున ఆగిపోయిందంటే, అంటే చివరి లైన్‌లో ఎత్తు ఇంకా 20 మీటర్లే చూపిస్తుంటే, మొత్తం పవరే పోయింది. బ్యాటరీ కనెక్టర్, పవర్ మాడ్యూల్ చూడాలి.

టేబుల్ మీద చేసే పరీక్షలు

ఇవన్నీ చేసేముందు రెక్కలు విప్పేయాలి. ఇందులో ఏ మినహాయింపూ లేదు. బల్ల మీద తిరిగే రెక్క వేళ్లను తీవ్రంగా గాయపరుస్తుంది.

మొదట, బ్యాటరీ లేకుండా నాలుగు మోటార్లను చేత్తో తిప్పండి. అయస్కాంతాల వల్ల టక్ టక్ అని ఆగుతూ తిరగడం మామూలే. నాలుగూ ఒకేలా ఉన్నాయా అన్నదే ప్రశ్న. ఒకటి గరగరలాడితే బేరింగ్‌లో దుమ్ము లేదా అరుగుదల. పైభాగం పైకీ కిందికీ ఊగితే షాఫ్ట్ క్లిప్ వదులైంది.

రెండోది, ఒక మోటార్ మాత్రం బురదలో తిరుగుతున్నట్టు బరువుగా ఉంటే దాని మూడు వైర్లను ఈఎస్‌సీ నుంచి విడదీయండి. విడదీశాక తేలిగ్గా తిరిగితే మోటార్ మంచిదే, ఈఎస్‌సీ కాలింది. విడదీసినా బరువుగానే ఉంటే, ఆ వైర్ల చివర్లు ఒకదానికొకటి తగలకుండా చూసుకున్నాక కూడా అలాగే ఉంటే, మోటార్ తీగచుట్టలోనే షార్ట్ ఉన్నట్టు. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష చాలా కొత్త పార్టుల డబ్బు మిగులుస్తుంది.

మూడోది, మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి ఒక వైరును, మోటార్ లోహపు బాడీని తాకించండి. బీప్ రాకూడదు. వచ్చిందంటే తీగ బాడీకి తగులుతోంది. ఇలా జరిగితే మోటార్‌ను ఫ్రేమ్‌కు బిగించిన స్క్రూలు చూడండి. కాస్త పొడవు స్క్రూ వేస్తే దాని మొన లోపలి తీగను గీరుతుంది. మొదటి రోజు బాగానే ఎగురుతుంది. కదిలి కదిలి ఎనామిల్ పోయాక ఒకరోజు గాల్లో షార్ట్ అవుతుంది. ఇలాంటప్పుడు కొత్త మోటార్‌కు పాత స్క్రూలే వేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

నాలుగోది, అదలా బదలా పరీక్ష. అనుమానం ఉన్న మోటార్‌ను బాగున్న చేతికి మార్చి చూడండి. లోపం మోటార్‌తో పాటు వెళ్తే మోటార్‌ది. పాత చోటే ఉండిపోతే ఈఎస్‌సీది లేదా వైర్‌ది. మోటార్ తిరగకుండా వణుకుతుంటే మూడు వైర్లలో ఒకటి తగలట్లేదని అర్థం. షార్ట్ కనిపించిన మోటార్‌తో మాత్రం ఈ పరీక్ష చేయొద్దు. బాగున్న ఈఎస్‌సీ కూడా పోతుంది.

లాలాగూడ ఇంజిన్‌కూ దీనికీ ఇక్కడే ఓ పోలిక ఉంది. డబ్ల్యూఏపీ-7లో ఉండేవి కూడా మూడు ఫేజుల మోటార్లే. తయారీ రకం వేరు, సైజు వేరు. అయినా మూడు వైర్లు, వాటికి కరెంట్‌ను మార్చి పంపే ఎలక్ట్రానిక్స్ అన్న ఏర్పాటు ఒకటే. ఆ మూడింట్లో ఒక్క ఫేజ్ పోతే పెద్ద మోటార్‌కైనా, బొటనవేలంత మోటార్‌కైనా ఇబ్బందే.

మన దగ్గర ఎక్కువగా కనిపించే కారణాలేంటి?

ఎండ: హైదరాబాద్, సికింద్రాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్నాయి. 40 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి, సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల్లో ఉండే గాలి కంటే సుమారు 13 శాతం పలచన. గాలి పలచనైతే అదే బరువు మోయడానికి రెక్క మరింత వేగంగా తిరగాలి. మోటార్, ఈఎస్‌సీ రెండూ వేడెక్కుతాయి. మామూలు రకం నియోడైమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే శక్తి కోల్పోవడం మొదలవుతుంది. మోటార్లలో ఇంతకంటే వేడి తట్టుకునే రకాలు వాడినా, హద్దు మాత్రం ఉంటుంది. దిగాక నాలుగు మోటార్లను జాగ్రత్తగా తాకి చూడండి. ఒకటి మాత్రం బాగా కాలుతుంటే అది ముందస్తు హెచ్చరిక.

మాంజా: సంక్రాంతికి పరేడ్ గ్రౌండ్స్‌లో కైట్ ఫెస్టివల్ జరుగుతుంది. చుట్టుపక్కల డాబాల మీద కూడా పతంగులే. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా చెట్లకు, కేబుళ్లకు వేలాడుతూ కనిపిస్తూనే ఉంటుంది. ఆ దారం మోటార్ సందులోకి చుట్టుకుంటే పైనుంచి చూస్తే కనిపించదు. రెక్క విప్పి, లైట్ వేసి, షాఫ్ట్ చుట్టూ చూడాల్సిందే.

దుమ్ము, మందులు: మట్టి నేల మీద నుంచి నేరుగా లేపితే ఇనుప రజను అయస్కాంతాలకు అంటుకుంటుంది. పొలం డ్రోన్లకు పురుగుమందు తుంపర్లు కనెక్టర్లను తినేస్తాయి. చిన్న ల్యాండింగ్ ప్యాడ్, పని అయ్యాక తడిగుడ్డతో తుడవడం.. ఈ రెండూ ఖర్చు లేని జాగ్రత్తలు.

మార్స్ మీద హెలికాప్టర్ చెప్పిన పాఠం

కనిపించిన డ్యామేజే కారణం కాదని చెప్పడానికి పెద్ద ఉదాహరణ అంగారకుడి మీదే ఉంది. నాసా ఇంజెన్యూటీ హెలికాప్టర్ 2021 ఏప్రిల్ 19న తొలిసారి ఎగిరింది. మదనపల్లె దగ్గరున్న రిషి వ్యాలీ స్కూల్‌లో, ఐఐటీ మద్రాస్‌లో చదివిన బాబ్ బలరామ్ దీనికి చీఫ్ ఇంజినీర్‌గా పనిచేశారు. 2024 జనవరి 18న 72వ సారి ఎగిరి దిగాక ఫొటోల్లో విరిగిన రెక్క కనిపించింది.

మరి రెక్కదే లోపమా? కాదు. ఇంజినీర్లు ఉన్న డేటాతో నెలల తరబడి లెక్కలు వేశారు. ఇసుక మేటల మీద గుర్తుపట్టడానికి రాళ్లు, గుర్తులు సరిగ్గా లేక కెమెరా నావిగేషన్ లెక్క తప్పిందని, పక్కకు జారే వేగంతో నేలను తాకిందని, ఆ కుదుపుకే రెక్కలు విరిగాయని 2024 డిసెంబర్‌లో తేల్చారు. అంటే రెక్క విరగడం ప్రమాదానికి ఫలితం, కారణం కాదు. కోట్ల కిలోమీటర్ల దూరంలో ముట్టుకోలేని హెలికాప్టర్ గురించి డేటాతో అంత చెప్పగలిగినప్పుడు, చేతిలో ఉన్న డ్రోన్ గురించి ఊహలతో సరిపెట్టుకోవడం ఎందుకు?

పడ్డాక రూల్స్ ఏం చెబుతున్నాయి?

2021 డ్రోన్ రూల్స్ ప్రకారం డ్రోన్ ప్రమాదం జరిగితే రిమోట్ పైలట్ 48 గంటల్లోగా ఆన్‌లైన్‌లో డీజీసీఏకు తెలపాలి. 250 గ్రాములకు మించిన డ్రోన్‌కు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. బీమా క్లెయిమ్‌కైనా, ఎవరి తప్పో తేల్చడానికైనా లాగ్ ఫైల్ బలమైన ఆధారం. అందుకే రిపేర్‌కు ఇచ్చేముందే కాపీ చేసి పెట్టుకోవాలి.

ఇంకో ముఖ్యమైన మాట. లాలాగూడ చుట్టూ రైల్వే లైన్లు, దగ్గర్లో కంటోన్మెంట్ ఉన్నాయి. బేగంపేట విమానాశ్రయం కూడా పెద్ద దూరం కాదు. ఎగరేసే ముందు ప్రభుత్వ ఎయిర్‌స్పేస్ మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి. రెడ్ జోన్ అయితే కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. పొరపాటున డ్రోన్ రైల్వే కరెంట్ తీగల మీద పడితే కర్రతో లాగాలని అస్సలు చూడొద్దు. ఆ తీగల్లో ఉండేది 25 వేల వోల్టులు. రైల్వే వాళ్లకు చెప్పడం ఒక్కటే దారి.

మళ్లీ ఎగరేసే ముందు..

పార్ట్ మార్చగానే పని అయిపోయినట్టు కాదు. రెక్కలు లేకుండా నాలుగు మోటార్లను కాసేపు తిప్పి చూడాలి. తర్వాత ఖాళీ స్థలంలో, మనుషులెవరూ లేని చోట, తల ఎత్తుకు మించకుండా రెండు మూడు నిమిషాలు నిలబెట్టాలి. దింపి ఆ లాగ్ తెరవాలి. నాలుగు గీతలూ దగ్గర దగ్గరగా ఉన్నాయా? కోరిన వంపు, ఉన్న వంపు కలిసి నడుస్తున్నాయా? ఒక గీత మాత్రం మిగతా వాటికంటే ఎప్పుడూ పైనే ఉంటే బరువు ఒకవైపు ఉందో, మోటార్ బలహీనపడిందో చూడాలి. ఎదురెదురు మూలల జత మొత్తం పైన ఉంటే మోటార్ మౌంట్ పక్కకు తిరిగి ఉండొచ్చు.

ఎందుకు పడిందో తేలలేదా? అయితే ఆ డ్రోన్ జనం మీద ఎగరకూడదు. పెళ్లి ఆర్డర్ పోతే డబ్బు పోతుంది, ఇంకో ఆర్డర్ వస్తుంది. కింద నిలబడ్డ మనిషి విషయంలో అలా అనుకోలేం కదా!